తిత్తి

ఫోనుని పిండి డబ్బాకి ఆనించి
రబ్బరు బ్యాండు బిగించాను.
డబ్బా ఖాళీ అయి మూడు వారాలు.
కదిపితే కోణం చెదురుతుందని
బజారు రొట్టె తింటున్నాను.

కాస్త్రోలో, నీళ్ళమీద కట్టెకాళ్ళతో నిలబడ్డ ఇళ్ళ వరసలో
చివరినుంచి రెండోది నాది.
అకార్డియన్లు బాగుచేస్తాను.
గురువారం గురువారం ఆ పని లోకానికి చూపిస్తాను.
లోకమంటే పదకొండు వందల నలభై ముగ్గురు.
నిన్న నలభై నలుగురు.
ఒకరెవరో లేచి వెళ్ళిపోయారు.
ఎవరు? నేనేమన్నాను?
రాత్రి రెండింటిదాకా
పాత వీడియోలన్నీ తిరగేశాను,
తప్పిపోయిన గొర్రె కోసం మందని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టినట్టు.

చిలోయే ద్వీపంలో వాన ఆగదు.
రేకుమీద చినుకు పడితే మాట వినబడదు.
ఎప్పుడో నడిరేయి తెరిపిస్తుందని
కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంటాను.
అది తెరిపిచ్చేసరికి నా గొంతులో తడి ఉండదు.
"మళ్ళీ వచ్చేశాను!" అని తొమ్మిదిసార్లు నవ్వాను,
తొమ్మిదోది ఉంచాను.
అది చూసి మా చెల్లెలు యెసేనియా
"ఎవరీవిడ?" అంది.

ఏడాదికి చేతికొచ్చింది
రెండు జిగురు సీసాల ఖరీదు.
పరిగెత్తాను సరే,
పాలేవి?

మార్చిలో దోన్ బెలార్మీనో ఒక నల్లపెట్టె ఇచ్చి వెళ్ళాడు.
తిత్తి మూల చిన్న చిరుగు. అంతే.
ముత్యపు మెరుపు లేదు, తుప్పుపట్టిన రీడ్లు లేవు,
విప్పితే ఎలుకగూడు బయటపడి
చూసేవాళ్ళు అబ్బా అనుకునే అదృష్టమూ లేదు.
చూపించడానికేముంది అందులో?
అటకమీద పెట్టాను.
జూన్ వచ్చింది. సాన్ హువాన్ పండగ రేపనగా
ముసలాయన తడిసిన టోపీ చేతపట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.
అకార్డియన్ సంగతి అడగలేదు.
నా మొహంకేసి చూసి
"ఎల్బా, జ్వరమా?" అన్నాడు.

ఆ రాత్రి కూడా అలవాటుగా కెమెరా నొక్కాను.
జాగా లేదు, అంది ఫోను.
ఇన్నాళ్ళకి అది నా గురించి
ఒక నిజం చెప్పింది.

సొరుగులో ఉన్నికండెల కింద దాన్ని పడుకోబెట్టి
పొయ్యిలో పచ్చికట్టె ఒకటి ఎగదోసి
పెట్టె విప్పాను.
మేకతోలు ముక్క, గోరువెచ్చని జిగురు,
బొటనవేలితో అదిమిపట్టి వందదాకా లెక్క.
లెక్క తప్పింది. మళ్ళీ ఒకటినుంచి.
ఎవరికీ వివరించలేదు.
బయట వాన గోలగోలగా కురుస్తోంది,
కురవనీ.

ఆరాక, పట్టీ పట్టుకుని పైకెత్తి వేలాడదీశాను.
తన బరువుకి తనే గబుక్కున జారిపోతే
ఎక్కడో గాలి పోతోందని గుర్తు.
జారలేదు.
అకార్డియన్ పీల్చేటప్పుడూ పాడుతుంది, వదిలేటప్పుడూ పాడుతుంది.
అది చూసే నేను మోసపోయాను.
నా రొమ్ములో ఉన్నదీ తిత్తే కదా అనుకున్నాను.
కాదు. నాది పీల్చేటప్పుడు
నోరు మూసుకోవాల్సిన తిత్తి.

తెల్లవారేసరికి ఆటు.
ఇంటికింద నీళ్ళు వెనక్కిపోయి
పడవలు బురదలో ఓ పక్కకి ఒరిగి ఉన్నాయి.
వాటిని బద్ధకస్తులన్నవాళ్ళని
ఈ ఊళ్ళో నేనెరగను.

బెలార్మీనో కూలి కింద
అరబస్తా దుంపలు, పొగబెట్టిన ఆలిచిప్పల దండ ఇచ్చాడు.
పండగలో రెండు పాటలు తప్పు వాయించాడు.
నేను డబ్బాలో పిండి పోసుకున్నాను.

గురువారం వచ్చింది, పోయింది.
పదకొండు వందల ముప్పైతొమ్మిది.
కడుపులో కలుక్కుమంది, అబద్ధమెందుకు.
పేరు తెలియని ఒకరు, ఏ దేశమో,
"ఈ వారం రాలేదేం?" అని రాశారు.

వాన, అని రాశాను.
ఇంకేదో కలపబోయి మానేశాను.

మళ్ళీ ఎప్పుడో తెలియదు.
ఈసారి మాత్రం
రేకు చప్పుడు తీసెయ్యను.